డిండి అవతల నాలుగు రోజులు

అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యి ఏడు నెలలైంది. నడుస్తోంది కానీ హైదరాబాద్‌లో మా మూడో అంతస్తు దిగి ఎక్కడికీ రానంటుంది. నాకేమో ఆడిట్ సీజన్ ముగిసి బుర్ర వేడెక్కి ఉంది. ఎవరూ పలకరించని చోట నాలుగు రోజులు పడి నిద్రపోదామన్నది నా ప్లాన్. దానికి కోనసీమని ఎంచుకోవడం నా తెలివితక్కువతనం. పలకరింపులు వద్దనుకునేవాళ్లు గోదావరి దాటకూడదు.

లింగంపల్లిలో రాత్రి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దునకి పాలకొల్లు. కోటిపల్లి-నర్సాపురం లైను ఏళ్ల తరబడి కడుతూనే ఉన్నారు కాబట్టి రాజోలు వైపు వెళ్లేవాళ్లు పాలకొల్లులో దిగడమే సుఖం. అక్కడ ఆటో మాట్లాడుకుని చించినాడ వంతెన మీద గోదావరి పాయ వశిష్ఠ దాటితే డిండి. మేం వెళ్లింది మార్గశిరంలో. అదే కార్తీకమైతే క్షీరారామానికి వచ్చే పంచారామాల బస్సులతో పాలకొల్లు కిటకిటలాడుతుంది.

డిండిలో ఏటి ఒడ్డున రిసార్టులు, హౌస్‌బోట్లు ఉన్నాయి. రెండేళ్ల క్రితం ఆఫీసు వాళ్లతో ఒకదాంట్లో దిగాను. గది శుభ్రం, కిటికీ తీస్తే గోదావరి. కానీ మెనూ నిండా పనీర్ బటర్ మసాలా, నూడుల్స్. చేపల పులుసు చెబితే గంటన్నర కూర్చోబెట్టి "అయిపోయిందండి" అన్నారు. గోదావరి ఒడ్డున! రాత్రికి ఏడు వేలు పైనే అయింది.

ఈసారి మలికిపురం దాటాక కొబ్బరితోటలో ఉన్న ఒక మండువా ఇంట్లో దిగాం. ఇంటాయన రిటైరైన మాస్టారు. పిల్లలు విదేశాల్లో ఉండటంతో నాలుగు గదులు అతిథులకి ఇస్తున్నారు. మూడు పూటలా భోజనంతో మనిషికి రోజుకి 1,800 తీసుకున్నారు. ఆటో ఆగీ ఆగకముందే "ఆయ్, రండి రండి" అంటూ ఆయన ఎదురొచ్చారు. సంచులు కింద పెట్టేలోపే మాస్టారి భార్య మా అమ్మని "వదినగారూ" అనేశారు.

మొదటి ఇబ్బంది గడపలతో వచ్చింది. పాత ఇళ్లు కదా, ఒక్కొక్కటీ జానెడు ఎత్తు. అమ్మ మోకాలు సంగతి బుక్ చేసేటప్పుడే చెప్పాను, చూసుకుంటాం అన్నారు, చూసుకోలేదు. నా మొహం మాడిపోవడం చూసి మాస్టారు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున లేచేసరికి మా గది గడపకి రెండువైపులా ఇటుకలు పేర్చి, వాటి మీద చెక్క కదలకుండా బిగించి ఉంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఒకటికి రెండుసార్లు అడగండి. వెస్టర్న్ టాయిలెట్ కూడా రెండు గదులకే ఉంది.

రెండోది చప్పుడు. వెనక రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. పల్లెటూరి నిశ్శబ్దం అనుకుని వెళ్తే మీకు నిద్ర పట్టదు. వీధివైపు గది అడగండి. దోమల సంగతి చెప్పక్కర్లేదు, తెరలు ఇస్తారు.

భోజనం మాత్రం వంక పెట్టలేను. పొద్దున పనసాకుల బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఉడికించిన పొట్టిక్కలు, మధ్యాహ్నం ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ముద్దపప్పు, సాయంత్రం తంపటి వేసిన తేగలు. అందరూ వరండాలో బంతిగా కూర్చోవాల్సిందే, గదిలోకి పంపరు. మోకాలు వంగదు కాబట్టి అమ్మకి కుర్చీ, బల్ల వేశారు. విశాఖ నుంచి వచ్చిన బ్యాంకు దంపతులు, ల్యాప్‌టాప్ పట్టుకొచ్చిన బెంగళూరు కుర్రాడు మాతో ఉన్నారు. ఆ కుర్రాడికి సిగ్నల్ చెరువు గట్టు మీదే దొరికేది. మీటింగుల మధ్యలో పరిగెత్తుకొచ్చి పెరుగన్నం తినిపోయేవాడు.

ఏకాంతం మాత్రం దొరకదు. ఆరింటికల్లా కిటికీలోంచి "కాఫీ తాగుతావా అమ్మాయ్" అని వినిపిస్తుంది. రెండోరోజు నాకు నిజంగానే చిరాకేసింది. డబ్బులిచ్చి వచ్చిన చోట అమ్మ వంటింట్లో కొబ్బరి కోరుతూ కనిపించేసరికి ఆవిడ మీద కోపం కూడా వచ్చింది. "నేనే అడిగి తీసుకున్నానే, కూర్చుంటే ఏం తోస్తుంది" అంది అమ్మ.

మూడోరోజు తోటలో దింపు పెట్టారు, అంటే చెట్ల మీంచి కొబ్బరికాయలు దింపించడం. వెయ్యి కాయలకి ఇంతని ధర కడతారట, అందుకని లెక్క పక్కాగా ఉండాలి. అమ్మ ముప్ఫై ఏళ్లు సహకార బ్యాంకులో క్యాషియర్. కుర్చీ వేయించుకుని రాశి పక్కన కూర్చుంది. చివర్లో దింపు వాళ్ల లెక్కకీ తన లెక్కకీ ఆరు కాయలు తేడా. మళ్లీ లెక్కపెట్టించింది. వాళ్లదే రైటు. "రిటైరయ్యారు కదండీ, పోనివ్వండి" అన్నాడు ఒకాయన. అందరితోపాటు అమ్మా నవ్వింది. ఆపరేషన్ తర్వాత తను అలా పగలబడి నవ్వడం నేను చూడటం అదే మొదలు.

నాలుగోరోజు అంతర్వేది. లక్ష్మీనరసింహుడి దర్శనం తొందరగానే అయింది. మాఘంలో రథోత్సవానికి వెళ్తే అంత తేలిగ్గా అవదు. గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దాకా ఇసుకలో అమ్మ నడవలేకపోయింది. దానికన్నా సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే ఏరు దాటించే పెద్ద పడవ, తనకి నచ్చింది. కార్లు, బైకులు, మేకలు, మనుషులు ఒకే చెక్కల మీద నర్సాపురం వైపు వెళ్లిపోతుంటే రేవులో కూర్చుని చూసింది. మేమూ ఎక్కి అవతలి గట్టుకెళ్లి, ఊరికే తిరిగొచ్చాం.

నాలాగా తలుపేసుకుని పడుకోవాలనుకుంటే డిండి రిసార్టే నయం, తిండి సంగతి మర్చిపోండి. ఇంట్లో ఒంటరిగా ఉండే అమ్మానాన్నలతో వెళ్తే మాత్రం ఇలాంటి ఇల్లు వెతుక్కోండి. సంక్రాంతికి వద్దు, వాళ్ల చుట్టాలే గదులన్నీ నింపేస్తారు. వేసవిలో కాలువలకి నీళ్లు ఆపేస్తారు, పైగా ఉక్క. పులస మీద ఆశ ఉంటే వానాకాలమే.

బిల్లులో కాఫీలు, తేగలు వేయలేదు. అడిగితే మాస్టారు వినపడనట్టు నటించారు. వచ్చేటప్పుడు ఆవిడ ఒలిచిన కొబ్బరికాయలు డజను మా సంచిలో పెట్టారు. వద్దంటే అమ్మ నా వైపు చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. పాలకొల్లు స్టేషన్ మెట్ల మీద ఆ సంచి మోసింది నేనే.