నిర్మల్‌లో ఐదేళ్లు: ఊరు బాగుంది, ప్లాటే ముంచింది

రిటైరయ్యాక నిర్మల్‌లో ఉందామనుకునేవాళ్లు కొయ్యబొమ్మల గొప్ప, కుంటాల జలపాతం అందం ఇక్కడ వెతుక్కోవద్దు. అవి అందరికీ తెలిసినవే. నేను చెప్పేది ఒక్క ఇంటి సంగతి. నా కడుపుమంటంతా దాని మీదే.

హన్మకొండలో లెక్కల టీచరుగా చేసి 2019లో రిటైరయ్యాను. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో. నిర్మల్ మా ఆవిడ చిన్నప్పుడు మేనత్త ఇంట్లో ఎండాకాలం సెలవులు గడిపిన ఊరు. దూరంగా గుట్టలు, ఊరిచుట్టూ గొలుసుకట్టు చెరువులు, సందు మలుపు తిరిగితే అరుగు మీద ఆరబెట్టిన చెక్క మామిడిపండ్లు. ఇంకేం కావాలనిపించింది. 2020 ఫిబ్రవరిలో సామాను లారీకెత్తాం. 'అద్దె హన్మకొండలో సగం, గాలి రెండింతలు' అని స్నేహితుల గ్రూపులో పెట్టాను. లెక్కల సారు చెప్పాడు కదా అని అందరూ నమ్మారు.

గాలి సంగతి ఇప్పటికీ నిజమే. అద్దె మాత్రం ఆరు వేలతో మొదలై, అవే రెండు గదులకు పదిన్నర వేలైంది. 2016 దసరా నాడు ఊరు జిల్లా కేంద్రమైంది. ఆఫీసులొచ్చాయి, వాటి వెంట ఉద్యోగులొచ్చారు, వాళ్లందరికీ ఇళ్లు కావాలి. చిన్న ఊరు కదా, చవగ్గా ఉంటుందిలే అని వచ్చినవాణ్ని, ఈ ముక్క ముందు ఆలోచించలేదు.

ఇలా అద్దె పెంచుకుంటూ పోయేకంటే సొంతంగా రెండు గదులు వేసుకుందామని 2022 వేసవిలో ప్లాట్లు చూశాం. గుట్టల వైపు మెరక మీదున్నవి మా చేతికి అందలేదు. చివరికి ఒక మధ్యవర్తి చెరువు పక్కన నూటయాభై గజాలు చూపించాడు. గజం పద్నాలుగు వేలు. 'లేక్ వ్యూ సార్, పొద్దున లేవంగనే నీళ్లు కనబడ్తయి' అన్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు, పాపం. మే నెల కావడంతో నీళ్లు ఎక్కడో అడుగున ఉన్నాయి. నేల బీటలు వారి గట్టిగా ఉంది. ప్లాటు మూలన ఒక తుమ్మచెట్టు. దాని మొదలుకు నడుమెత్తున చుట్టూ బురద రంగు గీత ఒకటి, స్కేలు పెట్టి గీసినట్టు. బర్రెలు ఒళ్లు రుద్దుకున్న మరకేమో అనుకున్నాను. పట్టా కాగితం చూపించాడు, మూడు లింకు డాక్యుమెంట్లు చూపించాడు. రెండు లక్షలు బయానా ఇచ్చి వచ్చాను.

ఆ సాయంత్రం ఎప్పట్లాగే మా వీధిలో బొమ్మలు చేసే పెద్దాయన దగ్గర కూర్చున్నాను. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి ముద్ద చేసి, దాంతో చిలక రెక్కను ఒంటికి అతికిస్తున్నాడు. ప్లాటు కొన్నానని చెప్పాను.

'యాడ సారూ?'

చెప్పాను.

'గా తుమ్మచెట్టు కాడనా?' అన్నాడు, తల ఎత్తకుండానే. 'అండ్ల మేం ఈత గొట్టినం.'

ఎప్పటి మాటో అనుకుని నవ్వేశాను. జులైలో, కడెం ప్రాజెక్టు గేట్ల మీదుగా నీళ్లు పోయి మా ఊళ్లోనూ ఎవరికీ నిద్ర పట్టని ఆ వారంలో, కాస్త తెరిపివ్వగానే గొడుగేసుకుని వెళ్లాను. తుమ్మచెట్టు చెరువులో నిలబడి ఉంది. నీళ్లు సరిగ్గా ఆ గీత దాకా ఉన్నాయి. లెక్క అంతకుముందే చెట్టు మీద చేసిపెట్టి ఉంది. నేనే చదవలేదు.

తర్వాత ఆఫీసు చుట్టూ తిరిగితే తేలింది, అది శిఖం పట్టా. అంటే చెరువు ఎండినప్పుడు సాగు చేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టకూడదు. ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు. ఆ గీత లోపల అనుమతే రాదు. పది హెక్టార్లు దాటిన చెరువైతే ఆ గీత బయట ఇంకో ముప్పై మీటర్లు బఫర్ కింద ఖాళీగా వదలాలి. మధ్యవర్తి మూడు విడతల్లో లక్షా ఇరవై వేలు వెనక్కిచ్చి ఫోన్ ఎత్తడం మానేశాడు. పోయిన ఎనభై వేలకంటే నన్ను కాల్చింది ఇంకొకటి. నేను హన్మకొండలో వడ్డేపల్లి చెరువు దగ్గర పెరిగినవాణ్ని. వానాకాలంలో హన్మకొండ కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడల్లా 'చెరువులో ఇల్లు కట్టుకుంటే రాక ఏం చేస్తాయి' అన్నవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఆ తర్వాత మళ్లీ ప్లాటు జోలికి పోలేదు. మెరక మీద రేట్లు మా పింఛను కన్నా వేగంగా నడుస్తున్నాయి.

పెద్దాయన అరుగు మాత్రం ఇప్పటికీ నా సొంత ఇల్లే. 'ఇక్కడ రోజూ కళ కళ్లముందే ఉంటుంది' అని ఒకప్పుడు రాశాను. రోజూ కాదు. బొమ్మలకు వాడే పొనికి చెక్క దొరకని వారాల్లో ఆయన ఊరికే కూర్చుని ఉంటాడు, రంగు డబ్బాల మూతలు కూడా తీయడు. చెక్క వచ్చిన రోజుల్లోనేమో సానబట్టిన పొడికి నాకు దగ్గు. అయినా పోతాను.

మీరు రావచ్చా అంటే, మా పరిస్థితి వేరు. పిల్లలు హైదరాబాద్‌లో ఉండడం వల్ల నలభై నాలుగో నంబరు హైవే మీద బస్సెక్కితే సరిపోతుంది. మీవాళ్లు దూరంగా ఉండి రైలు కావాలంటే ఊళ్లో స్టేషన్ లేదు. నా గుండె చెకప్‌కు నిజామాబాద్ పోతాను, నెలకొకసారే కాబట్టి ఇబ్బంది లేదు. వారానికొకసారి డాక్టరు కావలసినవాళ్లకు ఇది ఊరు కాదు. మెరక మీద కొనగల డబ్బుంటే నా కథంతా మీకు అనవసరం. లేకపోతే అద్దెకు దిగి, ఒక వానాకాలం గడిచాకే బయానా ఇవ్వండి.

మా ఓనరు కొడుక్కి పెళ్లట, దసరాలోగా ఖాళీ చేయమన్నాడు. మళ్లీ ఇళ్లు చూస్తున్నాం. చెరువు కనబడకపోయినా ఫర్వాలేదు గానీ మెట్లు పదికి మించకూడదని మా ఆవిడ షరతు. నా షరతు ఒకటే, పెద్దాయన అరుగు నడిచిపోయే దూరంలో ఉండాలి.