థింక్‌ప్యాడ్ ఎక్స్270: ప్రూఫులు దిద్దే చేతికి చిన్న ల్యాప్‌టాప్

చిన్న ల్యాప్‌టాప్ కొందామనుకునేవారు మొదట అడిగేది బరువు. నన్నడిగితే అది ఆఖరున చూసుకోవచ్చు. పన్నెండు, పదమూడు అంగుళాల తెర ఉన్నది ఏది తీసుకున్నా దాదాపు కిలోకూ కిలోన్నరకూ మధ్యే తూగుతుంది. ఆ కాస్త తేడా భుజానికి పట్టదు. తెలుగు చదివి, తెలుగు రాసి బతికేవారైతే ముందు తెర చూడాలి, తరువాత మీటలు చూడాలి, ఆ తరువాత బ్యాటరీ సంగతి తేల్చుకోవాలి.

నేను కొన్నేళ్లుగా వాడుతున్నది లెనోవో థింక్‌ప్యాడ్ ఎక్స్270. 2017లో మార్కెట్లోకి వచ్చిన మోడల్. 12.5 అంగుళాల తెర, ఇంటెల్ ఏడో తరం ఐ5 ప్రాసెసర్. కొత్తది కొనలేదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అంటే అందరూ సీటీసీ అని పిలిచే చోట, ఇరవై వేల లోపే దొరికింది. లీజు తీరాక కంపెనీలు వదిలించుకునే సరుకు అక్కడికి గుట్టలుగా వస్తుంది. నా పని పుస్తకాల ప్రూఫులు దిద్దడం, మధ్యమధ్య అనువాదం. ఆటలు ఆడను, వీడియోలు కత్తిరించను. ఈ పనికి ఇది ఎలా ఉందన్నదే నేను చెప్పగలిగింది.

తెరతో మొదలుపెడతాను, ఎందుకంటే నేను డబ్బు పెట్టి మార్చిన మొదటి భాగం అదే. ఈ మోడల్ రకరకాల తెరలతో వచ్చింది. కొన్నింటిలో 1366×768 చుక్కలు (పిక్సెళ్లు), కొన్నింటిలో 1920×1080. పాత సరుకులో ఎక్కువగా చేతికొచ్చేవి మొదటి రకమే. 12.5 అంగుళాల తెర మీద 1366×768 అంటే అంగుళానికి 125 చుక్కలు. ఇంగ్లిషు చదవడానికి అది చాలు. తెలుగుకు చాలదు.

మన అక్షరానికి మూడు అంతస్తులుంటాయి. పైన తలకట్టో గుడో, నడుమ అక్షరం, కింద ఒత్తు. ‘లక్ష్మి’, ‘స్వాతంత్ర్యం’ లాంటి మాటల్లో కింద ఒకటికి రెండు చేరతాయి. ఇంగ్లిషు అక్షరానికి సరిపోయే ఎత్తులోనే ఇవన్నీ ఇరుక్కోవాలి. ద, ధ, థ మూడూ ఒకే బొమ్మ; కింద ఒక గీత చేరిస్తే ధ, కడుపులో చుక్క కూడా పెడితే థ. ‘ర’కూ ‘ఠ’కూ తేడా ఆ చుక్కే. ‘ప’కూ ‘ఫ’కూ తేడా చిన్న గీత. తక్కువ చుక్కల తెర మీద ఈ గీతలూ చుక్కలూ సగం బూడిద రంగులో కలిసిపోతాయి. కథ చదువుకునేవారికి ఇబ్బంది ఉండదు, ఎందుకంటే మాట ఏదో కన్ను ఊహించుకుంటుంది. ప్రూఫులు దిద్దేవారికి ఆ ఊహే శత్రువు. అక్కడ నిజంగా ఏమి అచ్చయిందో కనబడాలి. ‘అర్థం’ అని ఉండాల్సిన చోట ‘అర్ధం’ ఉంటే పట్టుకోవడమే కదా మనకిచ్చే కూలి!

అందుకే 1920×1080 ఐపీఎస్ తెర, అంటే పక్క నుంచి చూసినా రంగు మారనిది, తెప్పించి మార్పించాను. పాత కేబులుకే బిగిసింది, మరో మార్పు అక్కర్లేకపోయింది. అంగుళానికి 176 చుక్కలు అయ్యాయి. మొత్తం మీద చుక్కల సంఖ్య దాదాపు రెట్టింపు. థలో చుక్క చుక్కలా కనిపించింది. అయితే ఇంత చిన్న తెర మీద ఇన్ని చుక్కలుంటే మెనూల అక్షరాలు చీమల్లా తయారవుతాయి. తెర మొత్తాన్ని పెంచకుండా, సెట్టింగుల్లో అక్షరాల పరిమాణాన్ని మాత్రం 1.25కి పెంచుకున్నాను. బొమ్మలు మసకబారవు, పని నడుస్తుంది.

తెర ఆకారం మాత్రం మార్చలేము. 16:9 నిష్పత్తి, అంటే ఎత్తు ఆరు అంగుళాల చిల్లర. డెమ్మీ సైజు పుస్తకం పేజీ ఎనిమిదిన్నర అంగుళాలుంటుంది. అసలు పరిమాణంలో పెడితే పేజీలో సగం దాటి కాస్త కనిపిస్తుంది, మిగతాది పైకి జరుపుకోవాలి. ఇప్పుడు వచ్చే చాలా చిన్న ల్యాప్‌టాప్‌లలో 16:10 తెరలున్నాయి, ఆ మేరకు అవి మేలు. ఇంట్లో ఉన్నప్పుడు హెచ్‌డీఎంఐ తీగతో పెద్ద మానిటర్‌కు కలిపి, మానిటర్‌ను నిలువుగా తిప్పి పెట్టుకుంటాను. పేజీ మొత్తం ఒకేసారి కంటి ముందుంటుంది. ఈ మోడల్‌లో హెచ్‌డీఎంఐ, లాన్ తీగ పెట్టే రంధ్రం, ఎస్‌డీ కార్డు అర, రెండు మామూలు యూఎస్‌బీలు, ఒక టైప్-సి అన్నీ ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు తెచ్చే ప్రెస్సువాళ్లు ఉన్నంతకాలం మామూలు యూఎస్‌బీ లేని యంత్రం నాకు పనికిరాదు.

ఇక మీటలు. చిన్న యంత్రాల్లో చోటు కోసం మీటలను కుదించేస్తుంటారు. 2007లో ఏసస్ కంపెనీ ‘ఈ పీసీ’ (Eee PC) మోడల్‌తో మొదలైన ఏడంగుళాల నెట్‌బుక్‌ల కాలంలో టైపు చేసినవారికి ఆ బాధ గుర్తుండే ఉంటుంది. ఇందులో మీటలు పూర్తి పరిమాణంలో ఉన్నాయి, లోతుగా దిగుతాయి, వేలికి స్పష్టంగా తెలుస్తాయి. నేను ఇన్‌స్క్రిప్ట్‌లో టైపు చేస్తాను. అచ్చులూ గుణింతాలూ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వచ్చే అమరిక అది. తెలుగులో గుణింతం లేని మాట అరుదు కాబట్టి చేతులు వంతులవారీగా ఆడతాయి. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతిలో ‘క్ష’కు నాలుగు మీటలు నొక్కేవారికి ఈ సుఖం చెబితే అర్థం కాదు, అలవాటు చేసుకోవాల్సిందే. మొదటి నెల విసుగు తప్పదని మాత్రం చెప్పగలను.

దాదాపు థింక్‌ప్యాడ్‌లన్నిటికీ గుర్తుగా మీటల మధ్య ఒక ఎర్ర బొడిపె ఉంటుంది. ఇన్‌స్క్రిప్ట్ ప్రకారం చూస్తే కొమ్ము, ప, వ మీటల నడుమ వస్తుంది. దాన్ని వేలితో నెడితే బాణం కదులుతుంది. చేతులు మీటల మీద నుంచి ఎత్తకుండానే తప్పు ఉన్న చోటికి వెళ్లి దిద్దవచ్చు. ప్రూఫుల పనిలో రోజంతా చేసేది అదే కాబట్టి కొన్నాళ్లకు నేను టచ్‌ప్యాడ్‌ను ఏకంగా ఆపేశాను. అరచేయి తగిలి కర్సర్ ఎగిరిపోయే బెడద కూడా పోయింది.

ఇక్కడ లినక్స్ గురించి, అంటే విండోస్‌కు బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ గురించి, చెప్పాలి. విండోస్ 11కు కావాల్సిన ప్రాసెసర్ల జాబితా ఇంటెల్ వరకూ దాదాపుగా ఎనిమిదో తరంతో మొదలవుతుంది. ఏడో తరం దానికి అడుగు దూరంలో ఆగిపోయింది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. యంత్రం బాగానే ఉండగా దాన్ని పారేయడం నాకు ఇష్టం లేక లినక్స్ మింట్‌కు మారాను. తెలుగు విషయంలో భయపడ్డంత ఏమీ లేదు. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే వచ్చేది ఇన్‌స్క్రిప్టే. నోటో ఫాంట్లు ఉన్నాయి. మండలి, గిడుగు, సురవరం లాంటి ఉచిత ఫాంట్లు దించుకుంటే చాలు, లిబ్రే ఆఫీసులో ఒత్తులు చక్కగా కూర్చుంటాయి.

ఒక సెట్టింగు మాత్రం తెలుగు టైపు చేసే ప్రతివారికీ చెప్పాలనిపిస్తుంది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాయబోతే ‘సాఫ్ట్వేర్’ అని ఫ కింద ట ఒత్తుతో పాటు వ ఒత్తు కూడా పడుతుంది చూడండి, దాన్ని ఆపడానికి మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం వేయాలి. లినక్స్‌లో కీబోర్డు ఐచ్ఛికాల్లోకి వెళ్లి, షిఫ్ట్‌తో స్పేస్‌బార్ నొక్కితే ఆ అక్షరం పడేలా పెట్టుకోవచ్చు. దాని తరువాత పొల్లు దగ్గర చెయ్యి ఆగలేదు.

లినక్స్‌తో తీరని కష్టం ఒకటుంది. మన ప్రచురణ రంగం చాలా వరకు ఇప్పటికీ అను ఫాంట్ల మీద, పేజీలు కట్టే పేజ్‌మేకర్ మీద నడుస్తోంది. అవి విండోస్ సరుకు. ఆ ఫాంట్లు యూనికోడ్ (ఏ యంత్రంలోనైనా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి) కావు. వాటితో చేసిన పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి అతికిస్తే ఇంగ్లిషు అక్షరాల కిచిడీ వస్తుంది. అందుకని పేజ్‌మేకర్ ఫైళ్లు నేను ముట్టుకోను. డీటీపీ చేసేవారి దగ్గర పీడీఎఫ్ తీసుకుని, దాని మీద గుర్తులు పెట్టి పంపిస్తాను. మీరే డీటీపీ చేసేవారైతే మాత్రం ఈ యంత్రం వైపు చూడకండి. విండోస్ 11 అధికారికంగా ఎక్కేదే తీసుకోండి.

బ్యాటరీ దగ్గర ఈ మోడల్ నా మనసు దోచింది. లోపల సుమారు 24 వాట్ అవర్ల బ్యాటరీ ఒకటి, వెనక ఊడదీసే బ్యాటరీ మరొకటి. వెనకదాంట్లో 24, 48, 72 వాట్ అవర్ల రకాలున్నాయి. ముందు వెనకది ఖర్చవుతుంది, తరువాత లోపలిది. కాబట్టి వెనకది అయిపోగానే, యంత్రం ఆపకుండానే దాన్ని తీసి మరొకటి తగిలించవచ్చు. చిన్న బ్యాటరీతో యంత్రం సన్నగా, 1.3 కిలోల దాకా ఉంటుంది. 72 తగిలిస్తే వెనకాల బుడిపెలా పొడుచుకొస్తుంది, బరువూ పెరుగుతుంది. కానీ యంత్రం కాస్త వాలుగా లేచి మణికట్టుకు హాయిగా ఉంటుంది. నేను ఇంట్లో చిన్నది, ప్రయాణంలో పెద్దది పెడతాను.

రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ నుంచి విశాఖకు వెళ్లేటప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఛైర్‌కార్‌లో ముందు సీటు వెనక ఉండే బల్ల మీద 15 అంగుళాల ల్యాప్‌టాప్ పెడితే, ముందువారు సీటు వెనక్కి వాల్చిన క్షణాన తెర నలుగుతుందేమోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవాలి. ఇది తెరిచినా ఆ ఖాళీలో ఇమిడిపోతుంది. రైలు సాకెట్లో ఛార్జరు నిలవకపోయినా బెంగ ఉండదు, విశాఖ దాకా పెద్ద బ్యాటరీ తోడొస్తుంది.

ఛార్జింగ్ టైప్-సి ద్వారా కూడా అవుతుంది. పసుపు రంగు చదును పిన్ను ఉన్న పాత ఛార్జరు ఇంట్లో గోడకే ఉంటుంది. సంచిలో 65 వాట్ల ఛార్జరు ఒకటే పడేస్తాను, ఫోనుకూ అదే, దీనికీ అదే. కొనేటప్పుడు ఆ ఛార్జరు 20 వోల్టులు ఇస్తుందో లేదో దాని మీద చదివి చూసుకోవాలి. ఫోనుతో వచ్చేవన్నీ ఇవ్వవు. ఇంట్లో ఎక్కువసేపు కరెంటుకే తగిలించి ఉంచేవారు 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆగేలా పెట్టుకుంటే బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది. లినక్స్‌లో టీఎల్‌పీ అనే ఉపకరణం ఆ పని చేస్తుంది. ఊళ్లో కరెంటు కోతల కాలమైతే ఆ హద్దు తీసేయండి, వంద నింపుకోండి.

బాగోలేనివి కూడా ఉన్నాయి. స్పీకర్లు పేరుకే స్పీకర్లు. కెమెరా 720పీ, సాయంత్రం దీపం వెలుగులో మనిషి ఉన్నాడని తెలుస్తుంది, అంతే. వరండాలో ఎండ వెలుగు పడితే తెర వెలవెలబోతుంది. మే నెలలో విజయవాడలో ఫ్యాను ఆగదు, కొద్దిగా శబ్దం చేస్తుంది. దుమ్ము పట్టినప్పుడు ఇంకా ఎక్కువ.

ఆ దుమ్ము మనమే తుడుచుకోవచ్చు. ముందుగా బయోస్‌లోకి, అంటే యంత్రం ఆన్ కాగానే అన్నిటికన్నా ముందు నడిచే సెట్టింగుల్లోకి, వెళ్లి లోపలి బ్యాటరీని నిలిపివేసి, వెనక బ్యాటరీ తీసి, కింది మూత మరలు వదులు చేస్తే సరి. మూత చుట్టూ ఉండే ప్లాస్టిక్ కొక్కేల దగ్గర తొందరపడకూడదు, విరుగుతాయి. మెమరీకి ఒకే అర ఉంది. ఎనిమిది జీబీ తీసి పదహారు పెట్టాక, నిఘంటువుల కోసం బ్రౌజర్లో ఎన్ని పుటలు తెరిచినా తడబడటం లేదు. దీని తరువాత 2018లో వచ్చిన ఎక్స్280 ఇంకా సన్నం, ఇంకా తేలిక. కానీ అందులో మెమరీని బోర్డుకే అతికించేశారు, వెనక బ్యాటరీ పోయింది, లాన్ తీగకు వేరే ముక్క కొనాలి. పెట్టెను కాస్త సన్నం చేయడానికి ఇచ్చిన ధర అది. నాకు గిట్టదు. ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉన్నది కావాలి, విండోస్ 11 ఉండాలి అనుకునేవారికి మాత్రం అదే దారి. అలాంటప్పుడు మెమరీ మొదటే పదహారు ఉన్నది చూసుకోండి, తరువాత పెంచలేరు.

పాతది కొనబోతే దుకాణంలోనే కొన్ని చూడండి. తెలుగు వార్తాపత్రిక సైటు ఒకటి తెరిచి, అక్షరాలు పెంచకుండా ఒక పేరా చదవండి; కళ్లు చిట్లించాల్సి వస్తే తెర మార్చే ఖర్చు ధరలో కలుపుకోండి. రెండు బ్యాటరీలకూ ఇప్పుడు మిగిలిన సామర్థ్యం ఎంతో విడివిడిగా అడగండి. లోపలిది బాగా అరిగిపోయి ఉంటే బ్యాటరీ మార్చుకునే సదుపాయం పేరుకే మిగులుతుంది. టైప్-సి రంధ్రంలో ఛార్జరు గుచ్చి కదిలించి చూడండి. అన్నిటికన్నా ముందు యంత్రాన్ని మళ్లీ ఆన్ చేయించి బయోస్‌లోకి వెళ్లండి. పాత కంపెనీ పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే, సగం ధరకిస్తామన్నా అక్కడే వదిలేసి రండి. ‘మేము తీయించి ఇస్తాం’ అంటే తీయించాకే డబ్బివ్వండి.