శ్రీకాకుళం మూడు గుళ్ల కారు ప్యాకేజీ: బండి బాగుంది, గైడుతోనే పేచీ

అరసవల్లి, శ్రీకూర్మం, శ్రీముఖలింగం ఒక్కరోజులో చూపించే ప్యాకేజీ ఇది. ట్రావెల్స్ పేరు రాయను. కారు శుభ్రంగా ఉంది, డ్రైవరు నిదానస్తుడు, టిఫిన్ సంగతి మాత్రం అడక్కండి.

గైడు కుర్రాడు మంచివాడే, చదువుకున్నవాడే, కాకపోతే దేవుడి గురించి తనకి తెలియనిది ఏదీ మిగల్లేదన్నట్టు మాట్లాడతాడు. అరసవల్లి సూర్యుడి గుళ్లో మార్చిలోనూ అక్టోబరులోనూ పొద్దుటి కిరణాలు స్వామి పాదాల మీద ఎలా పడతాయో చక్కగా చెప్పి, చివర్లో "ఇక్కడ దేవుడు ప్రత్యక్షం సార్, మిస్టరీ ఏం లేదు" అనేశాడు. ప్రత్యక్షమే, కాదనను, కానీ ఆ ప్రత్యక్ష దైవాన్ని మిట్టమధ్యాహ్నం అరనిమిషం కళ్లెత్తి చూడగలమా? ఈశావాస్యోపనిషత్తులో సూర్యుణ్ణే కదా వేడుకుంటారు, సత్యం ముఖాన్ని బంగారు పాత్ర కప్పేసింది, ఆ మూత కాస్త తియ్యవయ్యా అని. వెలుగే మూతట! అరసవల్లిలో చెప్పకపోతే ఆ మాట ఇంకెక్కడ చెబుతారు?

శ్రీకూర్మంలో ఇంకా ఘోరం. తాబేలు రూపంలో ఉన్న స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, రెండు ధ్వజస్తంభాలు, స్తంభాల నిండా శాసనాలు. పూర్వం ఈయన్ని శివుడనుకుని కొలిచేవారని, రామానుజులు వచ్చాక విష్ణువుగా పూజలు మొదలయ్యాయని స్థలపురాణం చెబుతుంది, అంటే ఆయన ఎవరన్నదే ఓ పట్టాన తేలలేదన్నమాట. మనవాడు అదంతా దాటేసి, కూర్మావతారం అంటే పరిణామ సిద్ధాంతంలో రెండో మెట్టు అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మాతో వచ్చిన పెద్దావిడ ఉండబట్టలేక, "అంత పెద్ద సామి తాబేలు ఎందుకయ్యాడో మనకేటి తెలుస్తాది బాబూ" అన్నారు. కేనోపనిషత్తు చెప్పేదీ అదే: తెలుసనుకున్నవాడికి తెలియదు, తెలియదన్నవాడికే తెలుసు. అందులో అగ్ని గడ్డిపోచను కాల్చలేకపోయాడు, వాయువు దాన్ని కదపలేకపోయాడు, ఎదురుగా వచ్చి ఆ పోచ పెట్టింది పరబ్రహ్మమని చివరికి ఇంద్రుడికి ఉమాదేవి చెప్పాల్సొచ్చింది. దేవతల పరిస్థితే అది, మా గైడుకు మాత్రం ఏ డౌటూ లేదు. ఆవిడ మాటకి నవ్వేసి తాబేళ్ల పార్కు చూపిస్తానని తీసుకుపోయాడు.

వంశధార ఒడ్డున శ్రీముఖలింగం చేరేసరికి అలిసిపోయి పెద్దగా మాట్లాడలేదు, కాబట్టి అక్కడే బాగా గడిచింది. ఇప్పచెట్టు (సంస్కృతంలో మధూకం) మొదలే లింగమైందని, అందుకే అక్కడి శివుడు మధుకేశ్వరుడని మాత్రం చెప్పాడు. చాలు, అంతే కావాలి. గోడల మీద శిల్పాలకి ఎంత టైమైనా సరిపోదు, వీళ్లేమో పదండి పదండి అంటారు.

కారుకి నాలుగు స్టార్లు, గైడుకి రెండు. బుక్ చేసేటప్పుడు గైడు వద్దని ముందే చెప్పేయండి. ఆదివారం మాత్రం పెట్టుకోకండి, అరసవల్లి క్యూలోనే సగం రోజు పోతుంది.