పియాస్తులా, యాగియెల్లోనులా: పోలండ్ రాజుల చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇవి పోలండ్‌ను ఏలిన రెండు రాజవంశాలు.

కాలం: పియాస్తులవి నాలుగు వందల ఏళ్లు. 966లో తొలి పాలకుడు మియెష్కో బాప్తిస్మంతో మొదలై, 1370లో మగ వారసుడు లేని మూడో కజిమీర్‌తో వాళ్ల రాజరికం ముగుస్తుంది. యాగియెల్లోనులు 1386 నుంచి 1572 వరకు, ఏడుగురే రాజులు.

కష్టం: పియాస్తులతో తలనొప్పి తప్పదు. 1138లో మూడో బోలెస్వాఫ్ రాజ్యాన్ని కొడుకులకు పంచాక ఎన్ని శాఖలో, ఎంతమంది బోలెస్వాఫ్‌లో! సైలీషియా శాఖ 1675 దాకా నిలిచింది. వంశవృక్షం పక్కన పెట్టుకునే చదవాలి. యాగియెల్లోనుల వరుస తేలిక, కాకపోతే ఈ వంశం ఏలిన లిథువేనియా, హంగరీ సంగతులు కూడా తెలియాలి.

ఆధారాలు: పియాస్తుల తొలినాళ్లలో కథలెక్కువ. అయినా నా మనసు అటే. 1869లో క్రాకోవ్‌లోని వావెల్ కేథడ్రల్‌లో మరమ్మతులు చేస్తుంటే కజిమీర్ సమాధి అనుకోకుండా తెరుచుకుంది. లోపలి ఎముకలు, కిరీటం, రాజదండాన్ని చిత్రకారుడు యాన్ మతేయ్‌కో అక్కడే గీసుకున్నాడు.

దేశం ఎలా పుట్టిందో కావాలంటే పియాస్తులు. ప్రభువర్గం రాజును ఎలా కట్టడి చేసిందో కావాలంటే యాగియెల్లోనులు. ముందుగా, సెయ్మ్ (పోలండ్ పార్లమెంటు) ఒప్పుకోకుండా కొత్త చట్టం కుదరదన్న 1505 నాటి శాసనం చదవండి.