మధుమేహులకు బరువు సలహా: భీమవరం క్లినిక్‌లో ఆరు నెలలు

మధుమేహం ఉన్నవారికి బరువు గురించి విడిగా సలహా ఇచ్చే సేవ భీమవరంలోని ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఉందని తెలిసి, పాలకొల్లు నుంచి ఆరు నెలలపాటు నెలకొకసారి వెళ్లి వచ్చాను. నేను లావని నాకెన్నడూ అనిపించలేదు. మా ఇంటి ఆడవారందరూ నాకంటే ఒళ్లు చేసినవారే కావడంతో, వారి పక్కన సన్నగానే కనిపించేదాన్ని.

ఆహార నిపుణురాలు మొదట నా బరువు ఎలా ఉందనుకుంటున్నానో నన్నే అడిగారు. సరిగానే ఉందన్నాను. 160 సెంటీమీటర్ల ఎత్తుకు 66 కిలోలంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువును చూపే సూచిక) 25.8 అని లెక్కగట్టి, ప్రపంచవ్యాప్త కొలమానంలో ఊబకాయం 30 నుంచి మొదలవుతుందని, కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నా పొట్టలో కొవ్వు పేరుకునే తత్వం మనవారికి ఎక్కువ కనుక భారతీయులకు ఆ గీతను 25 దగ్గరే గీశారని వివరించారు. నడుము కొలత 92 వచ్చింది. స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదు.

మొదట ఇచ్చిన ఆహార పట్టిక నిరాశపరిచింది. ఓట్స్, బ్రొకోలీ, ఆలివ్ నూనె ఉన్న ఆ జిరాక్సు కాగితం మా వంటింటికి ఎందుకూ పనికిరాదని చెప్పగా, మరుసటి నెల మేము తినేవన్నీ అడిగి కొత్తగా రాసి ఇచ్చారు. చేపల పులుసు ఉంచి, అన్నాన్ని పూటకొక కప్పుకు కుదించి, బీరకాయ, ఆనపకాయ, తోటకూర పెంచారు. మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ బియ్యం చక్కెరను కొంత నెమ్మదిగా పెంచే రకమే అయినా, పళ్లెం నిండా పెట్టుకుంటే ఆ మేలు మిగలదన్నారు. మధుమేహానికి నేను వేసుకునే గ్లిమెపిరైడ్ మాత్ర వల్ల చక్కెర పడిపోతుందేమోనన్న భయంతో పదకొండు గంటలకు నేను తినే బిస్కెట్ల సంగతి విని, డాక్టరుగారు మోతాదు తగ్గించారు. ఆ బిస్కెట్ల అవసరమే పోయింది.

ఈ సేవలో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది నాలుగో నెలలో దొరికింది. ఒక పెళ్లిలో మా మేనత్త "ఏమే, అలా పీక్కుపోయావు? షుగరు ఎక్కువైందా?" అంటూ చేతిలో పూతరేకు పెట్టింది. ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుంటే నాకూ భయం వేసింది. మధుమేహం అదుపు తప్పితే గ్లూకోజు మూత్రంలో పోయి, శరీరం తన కొవ్వునూ కండనూ కరిగించుకుంటుంది కనుక, చిక్కిపోవడాన్ని మనవాళ్లు రోగంగా చూడటంలో తప్పు లేదని నిపుణురాలు ఓపికగా చెప్పారు. దాహం, పదేపదే మూత్రం, నీరసంతో కూడి, మన ప్రయత్నం లేకుండా బరువు తగ్గితే వెంటనే రమ్మన్నారు. నాకైతే రీడింగులు దిగుతున్నాయి, నడుము తగ్గుతోంది, మెట్లెక్కితే ఆయాసం లేదు. ఈ తేడాను అరగంట కూర్చోబెట్టి చెప్పినవారు నాకు ఇంతకుముందు ఎవరూ లేరు.

ఆరు నెలలకు బరువు 61.5 కిలోలకు, నడుము 86కు వచ్చాయి, మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ 8.1 నుంచి 6.9కి దిగింది. ప్రతిసారీ 600 రూపాయలు పుచ్చుకుంటారు, శనివారం రెండు గంటలు కూర్చోవాలి. నన్ను నొప్పించింది మాత్రం తూకం యంత్రాన్ని అందరూ కూర్చునే హాలులో పెట్టి, అంకెను పైకి చదవడం. ఒక పెద్దావిడ ఆ సిగ్గుతోనే తూగకుండా వెనుదిరగడం చూశాను. దాన్ని లోపలి గదికి మార్చమని రాసి ఇచ్చాను. నేను వెళ్లిన చివరి రోజుకు ఇంకా అక్కడే ఉంది.