వాడిన ఎయిర్ రైఫిల్: స్ప్రింగా, పీసీపీనా?

భీమవరం, అమలాపురం వైపు నుంచి పదే పదే వస్తున్న ప్రశ్న ఇది. పది మీటర్ల సాధనకి సెకండ్ హ్యాండ్‌లో స్ప్రింగ్ రైఫిల్ మేలా, పీసీపీ మేలా? స్ప్రింగ్ రైఫిల్లో స్ప్రింగు పిస్టన్ని తోసి అప్పటికప్పుడు గాలిని నొక్కుతుంది, పీసీపీలో ముందే సిలిండర్లో నింపిన గాలి పెల్లెట్ని తోస్తుంది. అందరూ ముందు ఆరా తీసేది ధర, కంపెనీ, ఇప్పటికి ఎన్ని వేల పెల్లెట్లు కాల్చారన్నది. డెల్టాలో ముందు అడగాల్సింది వేరు: ఆ రైఫిల్ గత రెండు వానాకాలాలు ఎక్కడ ఉంది, ఎలా ఉంది?

ఎయిర్ రైఫిల్ బ్యారెల్ కాల్పులకి అరగదు. పెల్లెట్ సీసం మెత్తన, తుపాకీ మందు మంట లేదు, మ్యాచ్ రైఫిల్లో పెల్లెట్ వేగం సెకనుకి 170 మీటర్ల దాపునే ఉంటుంది. కాబట్టి కాల్చిన లెక్క విని వెనక్కి తగ్గక్కర్లేదు. బ్యారెల్‌ని పాడుచేసేది తుప్పు. నరసాపురం, అంతర్వేది పక్క ఉప్పుగాలికి ఫోమ్ పెట్టెలో మూసి ఉంచిన రైఫిల్ ఒక్క వానాకాలంలోనే చెడుతుంది. ఫోమ్ తేమని పీల్చి ఉక్కుకి అంటించి ఉంచుతుంది.

చూసే పద్ధతి రెండింటికీ ఒకటే. ముందు ఖాళీగా ఉందో లేదో చూసుకోండి. వెనక నుంచి టార్చి వేస్తే బ్యారెల్ లోపలి మెలిక గాళ్ళు మెరవాలి, నల్లని చుక్కలు కనబడకూడదు. మూతి అంచు చుట్టూ దూది పుల్ల తిప్పండి. పోగులు చిక్కుకుంటే అక్కడ గీత పడిందన్నమాట, పెల్లెట్ బయటపడేటప్పుడు పక్కకి తోస్తుంది. తర్వాత ఒక పెల్లెట్‌ని వెనక నుంచి చెక్క పుల్లతో మెల్లగా నెట్టండి. దారంతా ఒకే పట్టు ఉండాలి. మూతి దగ్గర మాత్రం కొంచెం బిగిస్తే అది చోక్, అంటే కావాలనే కాస్త ఇరుకు చేసిన చివర, మంచిదే. మధ్యలో గరగరలాడితే తుప్పు గుంటలు ఉన్నట్టే. ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు. ఎవరైనా బ్యారెల్ కోసి పొట్టి చేసి ఉంటే చోక్ పోయిందనే లెక్క.

పీసీపీకి ఇంకో బాధ ఉంది, లోపలికి వెళ్ళే గాలి. 30 డిగ్రీల వేడిలో, 80 శాతం తేమ ఉన్న రోజున ఘనమీటరు గాలిలో 24 గ్రాముల నీరుంటుంది. 200 మిల్లీలీటర్ల సిలిండర్‌ని 200 బార్‌కి నింపాలంటే 40 లీటర్ల గాలి కావాలి, అంటే దానితోపాటు దాదాపు ఒక గ్రాము నీరు. హ్యాండ్ పంపు ఫిల్టరు కొంత ఆపుతుంది, అంతా ఆపలేదు. ఆ నీరు వాల్వులో, ప్రతి షాటుకీ ఒకే పీడనం ఇచ్చే రెగ్యులేటర్లో చేరి తుప్పు పట్టిస్తుంది. వేగం షాటుకొక రకంగా మారి పెల్లెట్లు నిలువుగా చెదురుతాయి. పంపు కొట్టేవాళ్ళు మధ్యమధ్య ఆపి చల్లారనిచ్చి నీరు వదిలేయాలి, ఫిల్టర్లో సిలికా జెల్ రంగు మారగానే మార్చాలి.

కొనేటప్పుడు సిలిండర్ మీద చెక్కిన తేదీ చదవండి. మ్యాచ్ సిలిండర్లకి చాలా కంపెనీలు పదేళ్ళ గడువు పెడతాయి, గడువు దాటినది పోటీకి పనికిరాదు. రెండేళ్ళే మిగిలుంటే కొత్త సిలిండర్ ధర అడిగిన రేటులోంచి తీసేసి బేరమాడండి. నింపి ఒక గంట చల్లారనిచ్చి గేజ్ రాసుకోండి, మర్నాడు అదే వేళకి మళ్ళీ చూడండి. నింపిన వెంటనే తగ్గే కొన్ని బార్లు వేడి తగ్గడం వల్ల. ఆ తర్వాత కూడా దిగుతుంటే గాలిని ఆపే రబ్బరు చుట్టు, ఓ-రింగ్, కారుతోంది. ఓ-రింగ్‌కి సిలికాన్ గ్రీజే రాయాలి. అధిక పీడనపు గాలి దగ్గర పెట్రోలియం నూనె నిప్పుతో సమానం.

స్ప్రింగ్ రైఫిల్‌కి ఈ గొడవలేవీ లేవు. పోయేవి స్ప్రింగు, పిస్టన్ సీలు, రెండూ చవకే. బ్యారెల్ మడిచి పెల్లెట్ పెట్టే రకమైతే, దాన్ని మూసి పక్కలకి కదిపి చూడండి. ఊగితే పెల్లెట్లు అడ్డంగా చెదురుతాయి. పెల్లెట్ లేకుండా కాల్చి చూపిస్తానంటే ఒప్పుకోవద్దు, పిస్టన్ దెబ్బతింటుంది. కాల్చినప్పుడు పొగ, గట్టి చప్పుడు వస్తే ఎవరో సీల్లో నూనె పోశారు.

కచ్చితత్వంలో పీసీపీదే పైచేయి. 10 మీటర్లలో ఆనించి కాల్చిన ఐదు పెల్లెట్లు అంచు నుంచి అంచుకి 8 మిల్లీమీటర్లలో పడాలి. స్ప్రింగుకి 15 వస్తే చాలు. పెల్లెట్ తల సైజు 4.49, 4.50, 4.51 మిల్లీమీటర్లు మూడూ వేసి చూశాకే తీర్పు చెప్పండి. స్ప్రింగు కుదుపు ముందుకీ వెనక్కీ ఉంటుంది కనుక ముందు చెయ్యి బిగించకుండా, ప్రతిసారీ ఒకే చోట ఆనించాలి.

పొడి గాలి నింపే కంప్రెసర్ దగ్గర్లో ఉండి, జిల్లా పోటీల దాకా వెళ్ళే పట్టుదల ఉంటే పీసీపీ. మిగతా అందరికీ మన గడ్డ మీద స్ప్రింగే నా ఓటు. పదేళ్ళ తర్వాత అమ్మినా బ్యారెల్ మెరుస్తుంటే కొనేవాడు దొరుకుతాడు. గడువు తీరిన సిలిండర్ ఉన్న పీసీపీకి అంత సులువుగా దొరకడు.

5.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్‌కి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు కావాలి, పది మీటర్ల పోటీలో చెల్లదు. పాయింట్ టూటూ తూటా రైఫిల్‌కి లైసెన్సుతోపాటు 50 మీటర్ల రేంజి కూడా కావాలి. మొదటి రైఫిల్‌గా రెండూ వద్దు. 4.5 అయినా శక్తి 20 జౌళ్ళు దాటితే లైసెన్సు పడుతుంది, అసలు బిల్లు అడిగి తీసుకోండి.

కొన్నాక రైఫిల్‌ని పెట్టెలో కాక గాలి తగిలే బీరువాలో నిలబెట్టండి. కాల్చిన రోజు చెమట తుడిచి, బయట ఉక్కుకి కుట్టుమిషన్ నూనె పల్చగా రాయండి. కోనసీమలో చేతికందేది కొబ్బరినూనె, కానీ అది వద్దు. చలి పొద్దుల్లో గడ్డకడుతుంది, పాతబడితే జిగురై దుమ్ము పడుతుంది.