మెసేజ్‌లో వీడియోలు పంపడం: మూడేళ్లు వాడాక

ఫోన్‌తో వచ్చిన మెసేజ్ యాప్‌లోనే వీడియోలు పంపడం మొదలుపెట్టి మూడేళ్లు దాటింది. ఆర్‌సీఎస్, అంటే మెసేజ్‌ను నెట్ మీద పంపే పద్ధతి, రెండువైపులా ఆన్‌లో ఉంటే 100 ఎంబీ దాకా ఫైలు వెళ్తుంది, అవతలివాళ్లు కొత్తగా ఏదీ వేసుకోనక్కర్లేదు, నంబరుంటే చాలు. ఈ సుఖం చూసే విజయనగరంలో మా చుట్టాల ఫోన్లన్నిటిలో నేనే కూర్చుని ఆన్ చేసిపెట్టాను. అది తప్పని ఇప్పటికీ అనను. కానీ ఇందులో ఒక సెట్టింగ్ ఉంది, దాని మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

మా మేనత్త ఖరగ్‌పూర్‌లో ఉంటుంది. మామయ్య రైల్వే ఉద్యోగం మీద వెళ్లి అక్కడే ఉండిపోయారు. మోకాళ్ల నొప్పులొచ్చాక విజయనగరం పైడితల్లమ్మ పండక్కి రాలేకపోతోంది. అందుకని 2024 అక్టోబరు 15న మధ్యాహ్నమే వెళ్లి మూడు లాంతర్ల కూడలి దగ్గర చోటు పట్టుకుని, సిరిమాను, అంటే ఊరేగించే పొడవాటి చింతమాను, కొసన కూర్చున్న పూజారిగారు మా ముందునుంచి కోట వైపు వెళ్లే నలభై సెకన్లు వీడియో తీశాను. జనం విసిరిన అరటిపండు ఒకటి గిర్రున తిరుగుతూ ఆయన భుజం పక్కనుంచి పోవడం కూడా అందులో పడింది. 80 ఎంబీ పైచిలుకు ఫైలు. ఆ జనంలో నెట్ కదలదని ఇంటికొచ్చి వైఫైలో పంపాను. రాత్రి అత్త ఫోన్ చేసి "చూశాను నాయనా, చాలా బాగుంది" అంది.

మాఘమాసంలో పెళ్లికి ఖరగ్‌పూర్ వెళ్లినప్పుడు అదే వీడియో ఆవిడ ఫోన్లో చూశాను. తెర మీద బూడిదరంగు గళ్లు కదులుతున్నాయి. అంత పెద్ద చింతమాను ఒక గీతలా ఉంది, పూజారిగారి ముఖం లేదు, అరటిపండు అసలే లేదు. అత్త దాని మీద వేలు పెట్టి "ఇదిగో, ఇవే మూడు లాంతర్లు" అని పక్కింటావిడకు చూపిస్తోంది. ఆ వేలు కింద ఉన్నది నా ముందు నిలబడిన మనిషి తల. నాలుగు నెలలు అదే చూసుకుంది, నా నోట మాట రాలేదు.

ఏం జరిగిందంటే, ఆవిడ అవసరమైనప్పుడు తప్ప డేటా వేయదు. అవతల డేటా లేకపోయేసరికి యాప్ కాసేపు ఆగి, దానంతటదే ఎంఎంఎస్‌గా, అంటే ఫొటోలు, వీడియోలు పంపే పాత పద్ధతిలోకి, మార్చి పంపేసింది. ఎంఎంఎస్‌కు కొన్ని నెట్‌వర్క్‌లలో హద్దు 300 కేబీయే, ఎక్కువంటే రెండు మూడు ఎంబీ, అందులో 80 ఎంబీ వీడియోను కుక్కితే మిగిలేది అదే. పంపినట్టు నాకు చూపించింది గానీ ఇలా మార్చి పంపనా అని ఒక్క ముక్క అడగలేదు. వద్దనే మాట నాకు వదిలి ఉంటే రెండ్రోజులైనా ఆగేవాణ్ణి కదా!

సెట్టింగ్స్‌లో, ఆర్‌సీఎస్ ఉన్నచోటే, వెళ్లకపోతే ఎంఎంఎస్‌గా మళ్లీ పంపే ఆప్షన్ ఉంది. ముందు అది ఆఫ్ చేయండి. ఆ రాత్రే మా ఇద్దరి ఫోన్లలో ఆఫ్ చేసి, అత్త చేత డేటా వేయించి, పక్కనే కూర్చుని మళ్లీ పంపాను. చూస్తూ చూస్తూ "అరటిపండు, అరటిపండు" అని పైకే అనేసింది. ఐదుసార్లు పెట్టించుకుంది.

ఇంకొకటి, 100 ఎంబీ అన్నాను గానీ ఆ లోపలున్నవాటినీ నా ఫోన్ కొంత కుదించే పంపుతోంది, రెండూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. 4కేలో తీస్తే నిమిషానికే 300 ఎంబీ దాటుతోంది, అందుకే మామూలు హెచ్‌డీలో చిన్న ముక్కలుగా తీస్తున్నాను.

వాట్సాప్ వాడేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు, అందులో డాక్యుమెంట్‌గా పెడితే 2 జీబీ దాకా ఉన్నదున్నట్టు వెళ్తుంది. అత్త గ్రూపుల గోల పడలేక వాట్సాప్ తీయించేసింది కాబట్టి నాకు మెసేజే దారి. పైగా మా ఇంట్లో వైఫై ఉంది, పంపాల్సింది ఇద్దరు ముగ్గురికే, అందరి దగ్గరా ఆండ్రాయిడే. సిగ్నల్ సరిగా అందని ఊళ్లో ఉంటే ఇంత ధైర్యంగా వాడమని చెప్పలేను.

2025 పండక్కి పంపే ముందు ఫోన్ చేశాను. "డేటా వేశావా అత్తా?" అంటే "పొద్దున్నే వేశాను, ఇంకా పంపలేదేటి?" అంది.